నా బస్సులోంచి నేనే దిగిపోయిన రోజు

నేను బస్సు కండక్టర్ని. పదమూడేళ్ల సర్వీసు. అందులో ఎక్కువ కాలం శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వెళ్లే రూటులోనే చేశాను. తగువు పెట్టుకుని దారిలో దిగిపోయిన ప్రయాణికులను చాలామందిని చూశాను. మొగుడి మీద అలిగి సంచీతో సహా దిగిపోయిన ఇల్లాళ్లను చూశాను. సీటు దొరకలేదని దిగిపోయిన పెద్దమనుషులను చూశాను. కానీ టికెట్లు కొట్టాల్సిన కండక్టరే అలిగి, నిండు బస్సును రోడ్డు మీద వదిలేసి దిగిపోవడం మా డిపోలో ఒక్కసారే జరిగింది. ఆ ఘనత నాదే.

ఆ రోజు సంగతి చెప్పే ముందు నా గురించి కొంత చెప్పాలి. లేకపోతే మీరు దాన్ని మామూలు కోపం అనుకుంటారు.

మాది పాతపట్నం దగ్గర ఒక పల్లె. ఏడో తరగతిలో నా పక్కన కూర్చునే స్నేహితురాలు ఒకరోజు వచ్చి వేరే బెంచీలో కూర్చుంది. అంతే. నాకు ఒళ్లంతా వేడెక్కిపోయింది. ఇంటికెళ్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మా అమ్మ పచ్చకామెర్లు అనుకుని ఏదో ఆకుపసరు తాగించింది. అది ఎంత చేదంటే, దాని మీద కూడా నాకు స్నేహితురాలి మీద వచ్చినంత కోపం వచ్చింది. మూడో రోజు బడికి వెళితే తెలిసింది, మా బెంచీకి మేకు లేచిందట, దాని గౌను చిరుగుతోందట. అప్పుడు దాన్ని కౌగిలించుకుని ఎంత ఏడ్చానంటే, ఈసారి అది భయపడి నిజంగానే వేరే బెంచీకి వెళ్లిపోయింది.

పెళ్లయ్యాక కూడా ఇదే తంతు. మా ఆయనకు శ్రీకాకుళంలో మోటార్లు బాగుచేసే చిన్న షాపు ఉంది. నెమ్మదస్తుడు. కాపురానికి వచ్చిన రెండో నెలలో ఒకరోజు ఆకలేసి నాకోసం ఆగకుండా తినేశాడు. నేను బట్టలు సర్దుకుని పుట్టింటికి బస్సెక్కేశాను. నరసన్నపేట వచ్చేసరికి కోపం దిగిపోయింది. దిగిపోయి హాయిగా ఉంటే బాగుండేది. దాని చోటులో భయం ఎక్కి కూర్చుంది. ఈపాటికి ఆయన నన్ను వద్దనుకుని ఉంటాడు, తాళం మార్చేసి ఉంటాడు అని వణుకు పుట్టింది. అక్కడే దిగి వెనక్కి వచ్చే బస్సెక్కాను. ఇంటికొచ్చేసరికి ఆయన నాకోసం పప్పు వేడిచేస్తున్నాడు. ఆ తర్వాత అలాంటి ప్రయాణాలు ఎన్ని చేశానో లెక్క లేదు. కొన్నాళ్లకు ఆయన అలవాటు పడిపోయి, గుమ్మంలో సంచీతో కనిపించగానే అడిగేవాడు.

"ఈసారి ఎక్కడిదాకా ఎల్లేవు?"

"నరసన్నపేట."

"మంచిదే. కిందటిసారి టెక్కలి దాకా ఎల్లిపోనావు."

ఇష్టం కలిగినా ఇంతే, అందులోనూ నాకు కొలత తెలియదు. కళింగపట్నం రూటులో నాతో పనిచేసిన డ్రైవరు యాభై దాటిన మనిషి. కళింగపట్నం పక్కనే ఉన్న వేటపల్లె ఆయనది. వాళ్ల నాన్న, అన్నలు సముద్రం మీదికి వెళితే, ఈయనకు పడవెక్కితే వాంతులట, అందుకని బస్సెక్కాడు. నన్ను "సెల్లీ" అనేవాడు. రోజూ పొద్దున్న డిపోలో చూడగానే "ఏటి సెల్లీ, టీ తాగేవా?" అని అడిగేవాడు. ఆ ఒక్క ప్రశ్నకే నేను కరిగిపోయాను. నెల తిరక్కుండా ఆయనకు రోజూ ఇంటినుంచి టిఫిను తేవడం మొదలుపెట్టాను. అంత మంచి మనిషి భూమ్మీద లేడని డిపోలో అందరికీ చెప్పాను. ప్రయాణికులకు కూడా చెప్పాను. ఆయన ఇబ్బందిగా నవ్వేవాడు.

"నన్నంత పైకి ఎక్కించకు సెల్లీ. రేపు నువ్వే దించీస్తావు."

దించేసిన రోజు మంగళవారం. ఎనిమిది గంటల ట్రిప్పు.

ఆ పొద్దున్న ఆయన నన్ను చూసి ఏమీ అడగలేదు. టీ అనలేదు, సెల్లీ అనలేదు. తల ఒకసారి ఊపి వెళ్లి తన సీట్లో కూర్చున్నాడు. నేను "ఏటన్నా, ఒంట్లో బాగోలేదా?" అని అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే అయిపోయేది. నేను అడగలేదు. ఆయన దవడవైపు చూశాను. ఒక చెంప కొంచెం ఉబ్బి కనిపించింది. నా మీద కోపంతో పళ్లు బిగబట్టాడని తేల్చేసుకున్నాను.

ఇక నా బుర్ర పని మొదలుపెట్టింది. అది చాలా చురుకైన బుర్ర, కాకపోతే అన్ని పనులకూ అలా పనిచేయదు. కిందటి రోజు చేపల తట్ట సీటు మీద పెట్టిన ఒకావిడను నేను గట్టిగా కసురుకున్నాను. ఆవిడది డ్రైవరు వాళ్ల ఊరే. ఇంకేముంది, కారణం దొరికింది. అరసవల్లి వచ్చేసరికి ఆవిడ ఆయనకు చుట్టమైపోయింది. మరో రెండు స్టాపులు దాటేసరికి ఆయన నా మీద ఫిర్యాదు రాసి డిపోలో ఇచ్చేశాడు. గార చేరేసరికి ఆయన ఏడాది పొడుగునా నా టిఫిను తింటూ లోపల్లోపల నన్ను చూసి నవ్వుకుంటున్నాడని నాకు రుజువైపోయింది. ఈ విచారణంతా నేను టికెట్లు కొడుతూ, చిల్లర ఇస్తూ, "లోపలికి జరగండమ్మా" అంటూనే పూర్తిచేశాను. ముద్దాయి మాత్రం ముందు కూర్చుని బస్సు నడుపుతున్నాడు, పాపం.

గార దాటాక సరుగుడు తోటల దగ్గర ఇక ఆపుకోలేకపోయాను. విజిల్ వేశాను. బస్సు ఆగింది. అక్కడ స్టాపు లేదు, దిగేవాళ్లు లేరు. ఎవరు దిగుతారా అని అందరూ చూస్తుండగా నేను ముందుకు వెళ్లాను.

"నాతోటి డ్యూటీ సెయ్యడం ఇష్టం లేకపోతే మొహం మీద సెప్పీయండి అన్నా. ఇలగ మాటాడకుండా సంపకండి."

ఆయన వెనక్కి తిరిగాడు. కళ్లు పెద్దవి చేశాడు. చెయ్యెత్తి తన నోటివైపు చూపించి "మ్మ్... మ్మ్మ్..." అన్నాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకున్నాను. భుజానికి సంచీ, చేతిలో టికెట్ల మిషను. అలాగే దిగి నడవడం మొదలుపెట్టాను.

వెనక్కి, శ్రీకాకుళం వైపు నడిచినా కొంత గౌరవంగా ఉండేది. నేను బస్సు వెళుతున్న వైపే, కళింగపట్నం వైపే నడిచాను. దాంతో బస్సు నా వెనకాలే రావలసి వచ్చింది. కండక్టరు లేకుండా డ్రైవరు ముందుకు పోలేడు, నన్ను దాటి వెళ్లలేడు. మొదటి గేరులో మూలుగుతూ, నా వెనక పది అడుగుల దూరంలో, నిండు బస్సు నడుస్తూ వచ్చింది. ఊరేగింపులో అమ్మవారి ముందు నడిచే మనిషిలా నేను ముందు, అది వెనక.

కళింగపట్నం ఒడ్డున చేపలు కొనుక్కుని టౌనులో అమ్ముకునే ఆడవాళ్లు ఆ ట్రిప్పులో ఎప్పుడూ ఉంటారు. వాళ్లలో అందరికన్నా పెద్దావిడ కిటికీలోంచి సగం బయటికి వచ్చేసింది.

"ఓలమ్మా, ఏటైందే నీకు? ఎక్కీ! ఎండెక్కిపోతంది. మేము ఎల్లేతలికి అక్కడ సేపలన్నీ అయిపోతాయి!"

వెనక కిటికీలోంచి ఒక మాస్టారు అరిచారు. "మేడమ్, తొమ్మిదిలోపు ఫోనులో మొహం చూపించి హాజరు వేసుకోవాలి మేడమ్. దయచేసి ఎక్కండి."

నేను తల తిప్పలేదు. కన్నీళ్లు ధారగా కారుతున్నాయి, కానీ నడక ఆపలేదు. ఎదురుగా వస్తున్న ఆటోవాడు నన్ను చూసి ఆగాడు.

"కండక్టరమ్మా, బస్సు పాడైపోయిందేటి?"

"లేదు."

"మరి బస్సేదీ?"

"నా యెనకాలే ఉన్నాది," అన్నాను. వాడు వెనక బస్సును చూశాడు, నన్ను చూశాడు, వెళ్లిపోయాడు.

చివరికి డ్రైవరు బండి పక్కకు ఆపి దిగి పరుగెత్తుకుంటూ వచ్చాడు. నా ముందు నిలబడి, నోట్లో వేళ్లు పెట్టి, ఎర్రగా తడిసిన దూది ఉండ తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"పన్ను పీకించీసుకున్నానే తల్లీ! నిన్న సాయంత్రం. పొద్దున్న మళ్లీ రగతం కారతంటే దూది నొక్కి పెట్టుకున్నాను. నోరు తెరవడానికి లేదు. నీకు మాటాడ్డానికి ఈరోజే దొరికిందేటి?"

మామూలు మనిషైతే సిగ్గుపడి, క్షమించమని ఒక మాట అని, బస్సెక్కేది. నేను మధ్యలో ఆగే మనిషిని కాను. ఒక్క క్షణంలో ఆయన మళ్లీ దేవుడైపోయాడు. నేను మహాపాపిని అయిపోయాను. రోడ్డు మీదే ఆయన కాళ్లు పట్టేసుకుని ఏడ్చాను.

"లెగు సెల్లీ, లెగు. నాకు నోరు నొప్పి. నువ్విలగ ఏడిస్తే నాను ఊరుకోబెట్టాల. ఊరుకోబెట్టాలంటే మాటాడాల."

అప్పటికీ ఊరుకోలేదు. బస్సెక్కి, ప్రయాణికులవైపు తిరిగి, అన్నను వెంటనే శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకెళ్లాలి, బస్సు వెనక్కి తిప్పుదాం అన్నాను. అప్పటిదాకా నా మీద జాలిపడ్డ వాళ్లు కూడా ఒక్క గొంతుతో తిట్టారు. కళింగపట్నంలో దిగాక చేపల పెట్టెల దగ్గరికి పరుగెత్తి, ఇంత ఐసు గడ్డ అడిగి, చేతిరుమాలులో చుట్టి తెచ్చి ఆయన చెంపకు అదిమి పట్టాను. వాపు తగ్గిందో లేదో తెలియదు కానీ ఆ రోజంతా ఆయన దగ్గర కవ్వళ్ల చేపల వాసన వచ్చింది. ఆయన ఏమీ అనలేదు. అనడానికి నోరు లేదు కదా.

బస్సులో అంతమంది ఉన్నప్పుడు ఒక్కరైనా ఫోను తీయకుండా ఉంటారా? సాయంత్రానికి నా నడక ఊళ్లో అందరి ఫోన్లలోకీ చేరింది. మర్నాడు మా డిపో మేనేజరు ఇద్దర్నీ పిలిచారు. ట్రిప్పు ఎందుకు ఆలస్యమైందో రాసిమ్మన్నారు. డ్రైవరన్న నన్ను కాపాడబోయి, టైరులో గాలి తగ్గినట్టు అనుమానం వచ్చి బండి ఆపాను అని రాశాడు. మేనేజరు ఫోను తీసి వీడియో పెట్టారు. తెర మీద నేను ఏడుస్తూ నడుస్తున్నాను, వెనకాల ఆరు టైర్ల మీద పుష్టిగా బస్సు వస్తోంది.

"ఇందులో ఏ టైరుకి గాలి లేదో చూపించండి," అన్నారాయన.

నాకు రెండు వారాలు సెలవు పెట్టించారు. మేనేజరు చెడ్డ మనిషి కాదు. గదిలోంచి వచ్చేస్తుంటే గొంతు తగ్గించి చెప్పారు. "అమ్మా, పనిలో నీకు వంక పెట్టను. కానీ ఒకసారి డాక్టరుకు చూపించుకో."

ఆ మాట విని గేటు దాకా కూడా వెళ్లకుండానే రాజీనామా మాటలు కూర్చుకున్నాను. ఇంటికి వెళ్లి తెల్లకాగితం కూడా తీశాను. అప్పటికి మా అమ్మాయి బడినుంచి వచ్చింది. ఎనిమిదో తరగతి. వీడియో దాని స్నేహితులు చూశారు, అదీ చూసింది. నవ్విందా, ఏడ్చిందా, మొహంలో తెలియలేదు. సంచీ పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"అమ్మా, నువ్వు ఆ డ్రైవరు మావయ్య మొహం సూసి బయపడ్డావు కదా?"

"అవునే."

"నేను రోజూ పొద్దున్న నీ మొహం అలగే సూస్తాను. బాగుంటే జడ ఎయ్యమని అడుగుతాను. బాగోకపోతే నేనే ఎయ్యీసుకుని ఎల్లిపోతాను."

ఆ సంవత్సరమంతా దాని జడ వంకరగా ఉండేది. పిల్ల పెద్దదవుతోంది, తన పని తను చేసుకుంటోంది అని నేను నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. రాజీనామా కాగితం చింపేశాను. ఈ ఒక్క విషయంలో నన్ను వెక్కిరించుకోవడం కూడా నాకు చేతకాదు.

శ్రీకాకుళంలో డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మొహం చెల్లలేదు. ఆ ఊళ్లో సగం మందికి నేను టికెట్టు కొట్టాను, మిగతా సగం మంది వీడియో చూశారు. అందుకని విజయనగరం వెళ్లాం. బస్సులో వెళితే మావాళ్లెవరైనా కనిపిస్తారని, ఉచితంగా వెళ్లగలిగే బస్సు వదిలేసి, రైలెక్కాం. ఇంత జాగ్రత్తపడి మానసిక వైద్యురాలి గది బయట కూర్చుంటే, ఎదురు బెంచీ మీదినుంచి ఒక ముసలావిడ గట్టిగా పిలిచింది.

"కండక్టరమ్మా! నువ్వేటి ఇక్కడ? నీకూ నిద్దరట్టదా?"

గార దగ్గర ఎక్కి, ముందు సీటే కావాలని గొడవపడే ఆవిడ. ఇప్పుడు విజయనగరంలో కూతురింట్లో ఉంటోందట. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆవిడ మాత్రం సంతోషంగా పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. తన మాత్రల పేర్లన్నీ చెప్పి, ఏది వేసుకుంటే నోరెండిపోతుందో వివరించింది. బస్సులో ఎప్పుడూ నాకు చోటివ్వలేదు ఆవిడ.

డాక్టరుగారు నాకన్నా చిన్నది. మొదటి రోజు గంటసేపు అడిగింది, రాసుకుంది. రెండోసారి వెళ్లినప్పుడు పేరు చెప్పింది. బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. తెలుగులో చెప్పమంటే, ఒక్క మాటలో కుదరదంది.

"మీకు ఏ అనుభూతైనా అందరికన్నా తొందరగా వస్తుంది, గట్టిగా వస్తుంది, వెళ్లడానికి ఎక్కువసేపు తీసుకుంటుంది. ఎవరైనా వదిలేస్తారేమో అన్న అనుమానం వస్తే మరీ. మీరు కావాలని చేస్తున్నది కాదు. కానీ మార్చుకోవడం మాత్రం మీరే నేర్చుకోవాలి. టైము పడుతుంది."

నా జబ్బుకు మూడు మాటల ఇంగ్లీషు పేరుందని మొదట కొంచెం గర్వపడ్డాను కూడా. తర్వాత ఏడ్చాను. నలభై ఏళ్లు దగ్గరపడేదాకా దాన్ని నా పొగరు అనుకున్నాను. మా అత్తగారూ అదే అనుకున్నారు. మేమిద్దరం ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదొక్కటే. మా ఆయనను అడిగాను, నీకేమనిపిస్తోంది అని. "ఉందని నాకు ఎప్పుడో తెలుసు. పేరే తెలీదు," అన్నాడు.

ఇక్కడ నవ్వకుండా చెప్పాల్సింది ఒకటుంది. ఇన్నేళ్లలో బతకడం దేనికి అనిపించిన మధ్యాహ్నాలు కొన్ని ఉన్నాయి. అవి డాక్టరుగారికి చెప్పాను, మా ఆయనకు చెప్పాను. ఆ ఇద్దరికీ తెలిశాక నాకు బరువు తగ్గింది. ఇక్కడ వాటిని వివరంగా రాయను.

డాక్టరుగారు నేర్పిన మొదటి పని వినడానికి చాలా తేలిక. ఒళ్లు వేడెక్కినప్పుడు కాగితం తీసి ఒక పక్క జరిగింది రాయాలి, ఇంకో పక్క నేను అనుకున్నది రాయాలి. రెండు గంటలు గడిచేదాకా ఏ నిర్ణయమూ తీసుకోకూడదు. మొదటివారం రాసుకొచ్చి చూపించాను. జరిగింది అన్న పక్కన, "మా ఆయన నన్ను పురుగులా చూశాడు" అని ఉంది. డాక్టరుగారు చదివి, "ఇది జరిగిందా, అనుకున్నారా?" అని అడిగింది. జరిగిందే అన్నాను. "ఎలా చూశారో మాటల్లో చెప్పండి." ఆలోచించి చెప్పాను, ఆయన కళ్లద్దాలు లేకుండా చూశాడు.

ఆ డాక్టరుగారిని కూడా నేను డ్రైవరన్నను ఎక్కించినట్టే పైకి ఎక్కించాను. ఆమె కట్టిన చీర రంగు చీర కొన్నాను. మూడోసారి వెళ్లినప్పుడు, మా అమ్మ గురించి చెబుతుంటే ఆమె గోడ గడియారంవైపు రెండుసార్లు చూసింది. మొదటిసారి చూసినప్పుడు చెబుతున్న మాట మధ్యలో ఆపేశాను. రెండోసారి చూడగానే లేచి బయటికి వచ్చేశాను. మెట్లు దిగి, రోడ్డు దాటి, స్టేషనుకు వెళ్లే దారిలో సగం నడిచాక గాని తెలియలేదు, చెప్పులు ఆమె గది బయటే వదిలేశానని.

అది మే నెల. విజయనగరం తారు రోడ్డు అరికాళ్లను అట్టు వేసినట్టు వేస్తోంది. వెనక్కి వెళితే పరువు పోతుంది. ముందుకు వెళితే కాళ్లు పోతాయి. ఒక సోడాబండి నీడలో నిలబడి, ఒక కాలు మీద ఇంకో కాలు పెట్టుకుంటూ ఆలోచించాను. జరిగింది ఏమిటి? ఆమె గడియారం చూసింది. నేను అనుకున్నది ఏమిటి? నేను బోరు కొట్టాను, నన్ను వదిలించుకోవాలని చూస్తోంది, ఇక నా మొహం చూడదు. మొదటిది ఒక్క ముక్క, రెండోది చాంతాడంత. రెండు గంటలు ఆగమన్నారు కానీ ఆ రోడ్డు మీద పది నిమిషాలే ఆగగలిగాను. వెనక్కి వెళ్లాను.

చెప్పులు వేసుకుని జారుకుందామనుకుంటే తలుపు తెరుచుకుంది. ఇక లాభం లేదని అడిగేశాను. "మీరు గడియారం ఎందుకు చూశారు?"

"చూశాను, నిజమే. బయట ఆరుగురు ఉన్నారు," అంది ఆమె. "మీరు చెబుతున్నది వింటూనే చూశాను. రెండూ ఒకేసారి జరగొచ్చు కదా?"

అప్పటిదాకా నా జీవితంలో రెండూ ఒకేసారి ఎప్పుడూ జరగలేదు. మనిషి అయితే నా వాడు, లేకపోతే శత్రువు. నా మాట వింటూ గడియారం కూడా చూసే మనిషిని ఎక్కడ కూర్చోబెట్టాలో నాకు తెలియదు. తెలుసుకోవడానికి ఏడాది పట్టింది, ఇంకా పూర్తిగా తెలియలేదు. విజయనగరం మాత్రం వెళుతూనే ఉన్నాను. రైలు మానేసి బస్సులోనే వెళుతున్నాను.

ఇంట్లో మారింది ఒక్కటి చెప్పగలను. పొద్దున్న లేచి నా మొహం బాగోలేదని నాకే తెలిస్తే, అమ్మాయికి ముందే చెప్పేస్తాను.

"ఈరోజు అమ్మ మొహం బాగోలేదు. నీ వల్ల కాదు."

మొదటిసారి చెప్పినప్పుడు అది నన్ను ఎగాదిగా చూసింది. "సరే. మరి టిఫినేటి?" అంది. దువ్వెన తెచ్చి నా చేతిలో పెట్టి వెనక్కి తిరిగి కూర్చుంది. నేను జడ వేశాను. అదీ వంకరగానే వచ్చింది, కానీ వేసింది నేను.

కిందటి ఏడాది డ్రైవరన్న రిటైరయ్యాడు. డిపోలో చిన్న సభ పెట్టారు. పూలదండ వేశారు, శాలువా కప్పారు. నేను కొత్త చీర కట్టుకుని ముందు వరసలో కూర్చున్నాను. ఆయన మైకు పట్టుకుని అందరికీ పేరుపేరునా దండాలు చెప్పాడు. మేనేజరుకు చెప్పాడు, మెకానిక్కులకు చెప్పాడు, బస్సులు కడిగే ఆవిడకు చెప్పాడు. డిపో ఎదురుగా టీ అమ్మే మనిషికి కూడా చెప్పాడు. ఆరేళ్లు ఆయన వెనక నిలబడి విజిల్ వేసిన నా పేరు చెప్పలేదు. కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

చెవుల్లో హోరు మొదలైంది. లేచి, జనంలోంచి బయటికి వచ్చి, బస్సులు కడిగే కుళాయి దగ్గరికి వెళ్లి మొహం మీద నీళ్లు కొట్టుకున్నాను. కొత్త చీర తడిసిపోయింది. జరిగింది: నా పేరు చెప్పలేదు. అనుకున్నది: రాయడానికి కాగితం చాలదు. అయినా గేటు దాటలేదు, నడవలేదు. లోపలికి వచ్చి, అందరితో పాటు బంతిలో కూర్చుని భోజనం చేశాను. ఇంటికొచ్చి రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. మా ఆయన నా ప్రయాణాల సంచీ ఎక్కడుందో ఒకసారి చూసి, అది అటక మీదే ఉందని తెలిసి ఊపిరి పీల్చుకున్నాడు.

మూడో రోజు ఫోను చేశాను.

"అన్నా, మొన్న సబలో అందరి పేర్లూ సెప్పేవు, నా పేరు సెప్పలేదు. ఎందుకు?"

ఏదో బలమైన కారణం వినిపిస్తుందని ఎదురుచూశాను. నీ పేరు చెబితే ఏడుపొస్తుందని చెప్పలేదు సెల్లీ, అంటాడేమో అనుకున్నాను. ఆ మాటకు సిద్ధంగా కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాను.

"ఓలమ్మా... మర్సిపోనాను సెల్లీ," అన్నాడు.

ఇలాంటి జవాబు వస్తుందని డాక్టరుగారు చెప్పలేదు. లేదా చెబితే నేను వినలేదు. నిజంగానే మర్చిపోయాడు. మంచివాడు, నన్ను చెల్లెలిలా చూసుకున్నవాడు, నా కోసం అబద్ధం రాసి మేనేజరు ముందు నవ్వులపాలైనవాడు. మర్చిపోయాడు.

"నాకు శానా బాదనిపించింది," అన్నాను. ఈసారి మాట పూర్తి చేశాను.

"అనిపిస్తాది మరి. తప్పే. అయితే ఇప్పుడేటి సెయ్యమంటావు సెల్లీ? మళ్లీ రిటైరవ్వమంటావా?"

నవ్వొచ్చింది. నవ్వుతూనే కొంచెం ఏడ్చాను. ఆయన తన పడవ సంగతి ఎత్తాడు. రిటైరయ్యాక అన్నతో సముద్రం మీదికి వెళ్లాడట, మళ్లీ వాంతులేనట. చాలాసేపు మాట్లాడుకున్నాం. ఫోను పెట్టేశాక చూసుకుంటే కోపం ఇంకా కొంత మిగిలే ఉంది. దాన్ని అలాగే ఉండనిచ్చి, మధ్యాహ్నం డ్యూటీకి వెళ్లాను.